మూత చప్పుడు, లవంగం వాసన

1

ఈ పుస్తకం ఎందుకు మొదలుపెట్టానో ముందే చెప్పడం మంచిది. ఊరి గాలి గొట్టాలు చూసే సూపరింటెండెంట్ తిరుమలరావు గారు అచ్చు వేయించి ఇంటింటికీ పంచిన చేతిపుస్తకంలో ఒక వాక్యం ఉంది: “లవంగ నూనె వృక్షజన్యము గనుక హానిరహితము.” గన్నేరు పప్పు కూడా వృక్షజన్యమే. ఆ సంగతి ఆయన ఎదురుగానే చెప్పాను. “ఓదెలు గారికి పెద్దతనం వచ్చింది” అని నవ్వి టీ తెప్పించాడు. టీ మింగాను, మాట మింగలేదు. ఆయన పుస్తకంలోని తప్పులు నా పుస్తకంలో దిద్దుతాను. నా తర్వాత ఈ నూనె ఇంట్లో కూర్చునేవాళ్ళు రెండూ చదివి, ఒకటి పొయ్యిలో పెట్టుకోవచ్చు.

నేను దుర్గం ఓదెలును. చల్లగూడెంలో నూనె తీసేవాణ్ణి. పైన ఎండకు నిలవలేక మా తాతల తరం పాత బొగ్గుగనుల్లోకి దిగి ఈ ఊరు కట్టుకుంది. దీపాల కింద పంటలు, దీపాల కింద పెళ్ళిళ్ళు. గాలి మాత్రం ఒక్క పెద్ద ఫ్యాను తోస్తే, ఒక్క పెద్ద గొట్టంలోంచి పన్నెండు గల్లీలకూ చీలి పోవాలి.

రోజూ తెల్లవారి నేను చేసే పని ఇది. లవంగాకు నూనె చెంచాడు తీసి, గొట్టం మొదట్లో ఉన్న వెచ్చని పింగాణి పళ్ళెంలో పోస్తాను. గొట్టానికున్న ఇనప మూత దించుతాను. ఫ్యాను ఆ వాసనను ఊరంతా మోసుకుపోతుంది. గల్లీకి ఒక ‘ముక్కు’ ఉంటారు. వాసన తగలగానే వాళ్ళు పానాతో నీళ్ళ పైపు మీద మూడు దెబ్బలు కొడతారు. అన్ని గల్లీలూ మోగితే ఊరంతా గాలి ఆడుతున్నట్టు. ఏ గల్లీ మోగకపోతే ముందు ఆ గల్లీ మనుషుల్ని బయటికి తీస్తారు, కారణం తర్వాత వెతుకుతారు. ఆఖరున నూనె ఇంటి పైపు నేను కొడతాను. వాసన ఇంకా ఆడుతోందని దానర్థం. అప్పుడు ఊరు పనుల్లోకి దిగుతుంది.

పూర్వం దీనికి యంత్రాలుండేవి. గోడకు డబ్బా, డబ్బాకు పచ్చ దీపం. గని తేమకు లోపలి తీగలు కుళ్ళిపోయినా పచ్చ దీపం మాత్రం వెలుగుతూనే ఉండేది. మూడో గల్లీలో నాలుగు ఇళ్ళవాళ్ళు ఆ దీపం కిందనే పడుకుని మళ్ళీ లేవలేదు. అప్పటినుంచి మా ఊరు దీపాన్ని నమ్మదు, ముక్కును నమ్ముతుంది.

లవంగమే ఎందుకని అడగవచ్చు. మల్లె వాసన వేస్తే మనుషులు మురిసిపోయి పని మరిచిపోతారు. లవంగం ముక్కును గిల్లి లేపుతుంది. ఆ వాసన ఇంకెక్కడా తగలకూడదు కాబట్టి చల్లగూడెంలో పలావులో లవంగం వేయడం నేరం. మా చిన్నప్పుడు ఒక పెళ్ళివారు దొంగచాటుగా వేస్తే, గాలి పోయిందో వచ్చిందో తెలియక ఊరు ఊరంతా విస్తళ్ళ ముందు నుంచి లేచి పరుగెత్తింది.

2

నూనెలో ముప్పాతిక పైన ఉండే పదార్థం పేరు యూజినాల్. అసలు సరుకు అదే. కొత్తగా తీసినప్పుడు లేత పసుపు. గాలీ వెలుతురూ తగిలితే తేనె రంగుకు, ఆపైన కషాయం రంగుకు తిరుగుతుంది. అందుకే ముదురు రంగు గాజు సీసాలో, మెడ దాకా నింపి, బిరడా బిగించి పెట్టాలి. సగం సీసా అంటే సగం గాలి. నీళ్ళలో పోస్తే మిగతా నూనెల్లాగా తేలదు, అడుక్కు దిగుతుంది. లవంగాకు నూనె నీళ్ళ మీద తేలిందంటే అందులో ఇంకేదో కలిసిందన్నమాట. ఇనప డబ్బాలో పోస్తే నల్లబడుతుంది. నాసిరకం ప్లాస్టిక్‌లో పోస్తే ప్లాస్టిక్‌నే తింటుంది.

సూపరింటెండెంట్ గారు ఆ రోజు నాకు తెప్పించిన టీ థర్మోకోల్ కప్పులో వచ్చింది. మూడు వంతులు తాగి, కప్పు అంచు మీద రెండు చుక్కల నూనె వేసి, ఆయన కాగితాల మధ్యన పెట్టి వచ్చాను. కప్పు వెన్నముద్దలా కుంగిపోయి మిగిలిన టీ పారిందని తర్వాత విన్నాను. చేతిపుస్తకంలో వాక్యం మాత్రం మారలేదు. కిందటేడు ఆయన గాలి గొట్టాలకు ‘ఆధునికీకరణ’ చేయించాడు. రేకులు విప్పారు, బిగించారు. లోపల ఏం చేశారో నాతో ఒక్క మాట అనలేదు. ఆధునికులు ముసలివాళ్ళతో మాట్లాడరు.

పుస్తకాలలో చదివాను: ఈ లవంగాల కోసం సముద్రాల అవతలి దొరలు ఓడలెక్కి వెళ్ళి, ధర పడిపోతుందని దీవులకు దీవులే చెట్లు నరికి తగలబెట్టించారట. చీనా చక్రవర్తి ముందు మాట్లాడాలంటే నోట్లో లవంగం పెట్టుకోవాలనే నియమం ఉండేదట. మా ఊరి కమిటీలో ఈ నియమం పెడితే బాగుండును. వాసన సంగతి అటుంచి, నాలుక మొద్దుబారి కొందరు తక్కువ మాట్లాడతారు.

3

మా మరదలు కొమురవ్వ పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకుని దిగింది. కొమురవ్వ నా భార్య బాలవ్వకు చెల్లెలు. బాలవ్వ పోయాక ఈ ఊళ్ళో నన్ను ‘బావా’ అని పిలిచే మనిషి ఈమె ఒక్కతే. ఆ పిలుపును తిట్టులా వాడుకుంటుంది. ఏడో గల్లీకి ఆమె ముక్కు. గల్లీ చివర చేపలు పెంచే నీళ్ళ తొట్టి, అదే చేపల హౌజు, కూడా ఆమెదే.

“సూడు బావా, నీ నిర్వాకం.” గంప నా కాళ్ళ దగ్గర దించింది. లోపల మూరెడు బొచ్చె చేప, చచ్చి ఉంది.

“కూరొండుకోక నాకెందుకు తెచ్చినవ్?”

“నోరు ముయ్యి. నీ నూనె నా హౌజుల కలిసింది. చేపలన్ని మత్తుల ఉన్నయ్. ఈ ఊర్ల చేపలకు మత్తు పెట్టేటోడు ఎవలు? నువ్వే గద!”

అది నిజమే. చేపల్ని ఒక హౌజు నుంచి ఇంకో హౌజుకు మార్చేటప్పుడు, బకెట్ నీళ్ళలో ఒకటి రెండు చుక్కల నూనె బాగా చిలికి వేస్తే చేప మెల్లగా పక్కకు ఒరిగి నిద్రపోతుంది. మంచి నీళ్ళలోకి మార్చగానే లేస్తుంది. చుక్క ఎక్కువైతే లేవదు. ఆ మందు ఆమెకు ఇచ్చేది నేనే.

“నా సీసాలు నా అల్మారల భద్రంగ ఉన్నయ్,” అన్నాను.

“మరి హౌజు నీళ్ళు గుప్పుమంటున్నయెందుకు? లవంగం వాసనకు ముక్కు పగులుతాంది! ఈసారి గూడ నలుగుట్ల నిలవెట్టి అడుగుత, సూడు.”

ఈసారి ‘కూడా’ అన్నది గమనించాలి. ముప్పై ఏళ్ళ కిందట దీపాల ఖర్చు తగ్గించాలని అప్పటి కమిటీ ముదురాకు నిలవనీయక, లేత చిగుళ్ళే కోయించింది. లేతాకులో అసలు సరుకు తక్కువ. నూనె పల్చన అయింది. ఆ సంగతి ఊరంతటిలోకీ మొదట పట్టిన ముక్కు కొమురవ్వది. పట్టి, నాకు చెప్పలేదు. నిండు సభలో లేచి, “మా బావ నూనె పల్చగున్నది” అన్నది. కమిటీ తన తప్పు దాచుకుని, ఊరి గాలి పనులు నిర్ణయించే గాలి సంఘంలోంచి నన్ను తీసేసింది. ఆమె చెప్పింది నిజమే. నిజమైనందుకే మరింత మండింది. ఇంటికొచ్చి అక్క చేతి అన్నం తింటూ నా చెవిన ఒక మాట వేస్తే ఏం పోయేది? బాలవ్వ మా ఇద్దరి మధ్య రాజీ కుదర్చాలని చూసి చూసి, ఆ ఆశతోనే పోయింది.

4

నా నూనె తప్పు కాదని రుజువు చేయడానికి ఇవాళ ఏడో గల్లీకి వెళ్ళాను. రుజువు చేసి, ఆమె మొహం చూసి, తీరికగా ఆనందించాలని.

హౌజు దగ్గరికి పోగానే తెలిసిపోయింది. మత్తెక్కిన చేప అడుగున పక్కకు ఒరిగి పడుకుంటుంది. ఇక్కడ చేపలన్నీ పైకి తేలి, నీటి అంచున నోళ్ళు తెరిచి గుటకలు వేస్తున్నాయి. అది మత్తు కాదు, ఊపిరాడకపోవడం. హౌజులో బుడగలు ఊదే పంపు పీల్చేది గల్లీలోని గాలినే.

దోసెడు నీళ్ళు తీసి వాసన చూశాను. పాచి వాసన, చేప వాసన. లవంగం లేదు.

“వాసన అత్తాందా కొమురవ్వా?” అన్నాను.

“రాకేం? గుప్పుమంటాంది. నీకు రాకపోతే నీ ముక్కు కరాబైంది.”

అబద్ధమాడే మనిషి మొహం కాదది. నిజంగా వాసన వస్తున్నట్టే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

నాలుగడుగులు నడిచేసరికి నాకు ఆయాసం వచ్చింది. వయసనుకున్నాను. కాని బాలవాడి పంతులమ్మ కూడా గోడకు ఆనుకుని తల పట్టుకుంది. “రోజూ ఇదే నొప్పి తాతా. పిల్లలు కూడా అన్నం తినంగనే తూలుతాండ్రు. ఉక్కపోతకేమో,” అంది. పిల్లలు చాపల మీద వరసగా పడుకుని ఉన్నారు. నన్ను చూసి ఒక్కరూ లేవలేదు. మామూలుగా అయితే నా గడ్డం పీకడానికి పోటీ పడతారు.

దారి పొడుగునా లోలోపల ఒక సంతోషం గుర్రుమంటూనే ఉంది. ఊరంతటికీ గొప్ప ముక్కు! లేని లవంగం వాసన చూస్తోంది! నూనె ఇంటి గడప దాకా నవ్వుకుంటూ వచ్చాను. గడప దాటాక నవ్వు ఆగిపోయింది. ఆమెకు వాసన తెలియకపోతే, రోజూ ఏడో గల్లీ పైపు ఏం చూసి కొడుతోంది?

5

ఇవాళ తెల్లవారి పళ్ళెంలో నూనె పోయలేదు. ఉత్త పళ్ళెం మీద మూత ఎత్తి, రోజూ లాగే దించి, చెవి పైపుకు ఆనించి నిలబడ్డాను.

రెండు ఊపిరులు తీసేంత సేపు నిశ్శబ్దం. ఆ తర్వాత ఏడో గల్లీ నుంచి టంగ్, టంగ్, టంగ్.

మిగతా గల్లీలు ఒక్కటీ మోగలేదు. అవి కంగారు పడకముందే చెంచాడు నూనె పోసి మళ్ళీ మూత దించాను. ఆ తొందరలో ఒక చుక్క మణికట్టు మీద పడింది. రాసుకోండి: చర్మం మీద పడితే వెంటనే సబ్బుతో కడగాలి. ఉత్త నీళ్ళకు అది వదలదు. కడగకపోతే మొదట చురుక్కుమని, తర్వాత మొద్దుబారి, సాయంత్రానికి ఎర్రగా పొక్కుతుంది. నేను చాలాసేపు కడగలేదు. అలాగే కూర్చున్నాను.

గొట్టం ఏడో గల్లీలోకి తిరిగే మలుపు నూనె ఇంటికి అన్నిటికన్నా దగ్గర. మూత చప్పుడు గొట్టంలోంచి అక్కడికి వినిపిస్తుంది. ఆ గల్లీలో మిగతావాళ్ళు ఆ వేళకు ఇంకా పక్కల మీదే ఉంటారు, పైపు మోగితే చాలనుకుంటారు. ఆమె వాసనకు కొట్టడం లేదు. నా చేతి చప్పుడుకు కొడుతోంది.

6

మధ్యాహ్నం రెండు పనులు చేశాను. లవంగ తోటలో రేపటి దాకా రాలినాకు ఏరే పని ఉందని చెప్పి బాలవాడి పిల్లల్ని రాత్రి పడకతో సహా అక్కడికి తోలించాను. ఏడో గల్లీకీ ఎనిమిదో గల్లీకీ మధ్య ఉన్న అడ్డతలుపు తీసి, కాస్త గాలి వస్తుందని, మూసుకోకుండా ఇటుక అడ్డం పెట్టాను. తర్వాత హౌజు దగ్గరికి వెళ్ళాను. ఆమె గట్టు మీద కూర్చుని మేత కలుపుతోంది.

“పొద్దుగాల పైపు ఎందుకు కొట్టినవ్?”

“వాసన అచ్చింది, కొట్టిన. గదేం అడుగుడు?”

“పళ్ళెంల నూనె లేదు. ఉత్త మూత ఏసిన.”

మేత కలిపే చెయ్యి ఆగింది.

“నన్ను పరీచ్చ పెట్టినవా?”

“ముందుగాల నీ చేపలే చెప్పినయ్.”

మేత గిన్నె గట్టు మీద పెట్టింది. “ఎవలెవలకు చెప్పినవ్?”

“ఎవలకు చెప్పలే.”

“ఎందుకు? నిన్ను నేను నలుగుట్ల నిలవెట్టిన గద.”

“అందుకే.”

కొమురవ్వ మేత చేతులతోనే మొహం తుడుచుకుంది. “జొరమచ్చి పోయినంక ఒకనాడు పొయ్యి మీద పప్పు మాడింది బావా. ఇల్లంత పొగ. పక్కింటోళ్ళు ఉరికచ్చేదాక నాకు తెల్వలే. తిరిగి అత్తది, రేపత్తది అనుకున్న. నీ మూత చప్పుడు నాకు సక్కగ ఇనవడ్తది. ఎన్నేండ్ల సంది ఇంటున్న! నీకు కోపం ఉన్ననాడు ఎట్ల ఏత్తవో, నడుం నొచ్చిననాడు ఎట్ల ఏత్తవో గూడ ఎరుకే. అది పడంగనే వాసన అచ్చినట్టే ఉంటది. ఒట్టు, అచ్చినట్టే ఉంటది.”

నా కోపాన్ని ఇన్నేళ్ళు ఎవరూ వినడం లేదనుకున్నాను.

“తెలిత్తె పై అంతస్తుకు తోలుతరు. పనిలేనోళ్ళను ఆడికే గద తోలేది. ఆ ఉడుకల నేను బతుకుతనా? నా చేపలు?” నా చెయ్యి పట్టుకుంది. “నాలుగు దినాలు ఆగు. ముక్కు తిరిగి అత్తదేమో.”

“పోరగాండ్లు పట్టపగలు సోయి లేక పడిపోతాండ్రు కొమురవ్వా. నాలుగు దినాలు ఆళ్ళకున్నయా?”

చెయ్యి వదిలేసింది.

“రేపు పొద్దుగాల నూనె పోసే మూత ఏత్త,” అన్నాను. “నీకు వాసన రాకపోతే కొట్టకు. కొట్టినవంటే మాత్రం నేనే పోయి సూపరింటెండెంటుకు చెప్పుత.”

“పో.” మేత గిన్నె ఎత్తింది, విసురుతుందేమోనని పక్కకు జరిగాను. “నా హౌజు కాడ నిలవడకు. అక్క ఉంటే నువ్విట్ల మాట్లాడుదువా? పో బావా, పో!”

బాలవ్వ ఉంటే ఇలాగే మాట్లాడమనేది. కాస్త మెల్లగా మాట్లాడమనేది, అంతే.

7

తెల్లవారి నూనె నిండు చెంచాడు పోశాను. మూత ఎప్పటికన్నా గట్టిగా దించాను. వినిపించలేదనే సాకు ఆమెకు మిగలకూడదు. నా కోపం ఎలా మోగుతుందో ఆమెకు తెలుసు కదా. ఇవాళ్టి చప్పుడులో కోపం లేదు, అది కూడా తెలిసే ఉంటుంది.

రెండు ఊపిరులు గడిచాయి. మూడు. నాలుగు.

ఎనిమిదో గల్లీ మోగింది. ఐదు మోగింది. రెండు, తొమ్మిది, ఒకటి. ఎప్పుడూ అందరికన్నా ముందు మోగే ఏడో గల్లీ మోగలేదు. పన్నెండోది కూడా మోగింది. నా పానా చేతిలోనే ఉంది. కొట్టు, కొట్టకు అని రెండు మనసులతో ఆమె పైపు దగ్గర నిలబడి ఉంటుందని నాకు తెలుసు. నాక్కూడా రెండు మనసులే ఉన్నాయి.

ఏడో గల్లీ మోగలేదు.

సైరన్ వేశారు. గల్లీని ఖాళీ చేయించారు. కొందరిని భుజాల మీద మోసుకురావలసి వచ్చింది. బయటి గాలి తగిలి తలలు పట్టుకుని వాంతులు చేసుకున్నారు, కాని అందరూ లేచారు. పిల్లలు తోటలో ఆకులు చల్లుకుని ఆడుతున్నారు.

మలుపు రేకు విప్పినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. గొట్టం లోపల చప్పుడు తగ్గుతుందని సూపరింటెండెంట్ గారు మలుపులన్నిటికీ థర్మోకోల్ అతికించాడు. ఆధునికీకరణ అంటే అదీ. పళ్ళెం నుంచి లేచిన నూనె ఆవిరి మొట్టమొదట చల్లబడేది ఏడో గల్లీ మలుపులోనే. రోజుకింత చొప్పున అక్కడ చెమటలా పట్టి, థర్మోకోల్‌ను కరిగించి, కుంగదీసి, గొట్టానికి బిరడా వేసింది. వేలు దూరే సందు మిగిలింది.

తిరుమలరావు గారు ఆ జిగురు ముద్దను పుల్లతో కదిపి చూశాడు. “ఓదెలు గారూ, అంటే ఇది మీ నూనె వల్లనే కరిగిందన్నమాట?”

“అవునండీ,” అన్నాను. “వృక్షజన్యము గనుక.”

చుట్టూ ఉన్న ఫ్యాను పనివాళ్ళు మొహాలు తిప్పుకుని దగ్గారు. ఈ ఒక్క వాక్యం కోసం నేను చాలాకాలం బతికి ఉన్నాను. తీరా అన్నాక అనుకున్నంత రుచి లేదు. నా కళ్ళు కొమురవ్వ కోసం వెతుకుతున్నాయి.

8

సాయంత్రం సభ పెట్టారు. సూపరింటెండెంట్ గారు థర్మోకోల్ మాట ఎత్తకముందే ముక్కు మాట ఎత్తాడు. “ఇన్నాళ్ళు గాలి అందకపోతే ఏడో గల్లీ పైపు ఎలా మోగింది?”

ఎవరూ అడగకుండానే కొమురవ్వ లేచింది. “నేనే కొట్టిన. జొరం సంది నాకు ముక్కు లేదు. మా బావ మూత చప్పుడుకు కొట్టిన. మీ పిల్లల పానాల మీద కొట్టిన. ఏం శిచ్చ ఏత్తరో ఏయున్రి.” అని కూర్చోలేదు, నిలబడే ఉంది.

బాలవాడి పంతులమ్మ ఏడ్చింది. ఒకతను పై అంతస్తు అన్నాడు. మరో ఇద్దరు అవునన్నారు.

నేను లేచాను. ముప్పై ఏళ్ళ కిందట ఆమె నా మీద మాట్లాడిన చోటే, అదే బల్లల మధ్యన. ఏమేమి అనవచ్చో నా దగ్గర ఎప్పటినుంచో తయారుగా ఉంది. కొన్ని వాక్యాలు చాలా బాగుండేవి కూడా.

“ముక్కు పని తీసేయున్రి,” అన్నాను. “అది న్యాయం. మనిషిని తీసేయకున్రి. ఇయ్యాల కొట్టకుండ ఆగింది కాబట్టే గల్లీ బతికింది. కొడితే ఎవలకు తెలుసు? నాకు నూనె ఇంట్ల ఒక మనిషి కావాలె.”

“ముక్కు లేనామె నూనె ఇంట్లనా?” అని వెనక నుంచి ఎవరో నవ్వారు.

“గదే కావాలె. ముక్కున్నోడు వాసన గుప్పుమంటే సరుకు మంచిదనుకుంటడు. ఈమె కండ్లతోని చూసి చెప్తది. ఇంకో మాట. ఇక నుంచి గల్లీకి ఇద్దరు ముక్కులు. నడుమ నడుమ ఎవలకు చెప్పకుంట ఉత్త మూత ఏత్తం. ఉత్త మూతకు కొట్టినోళ్ళ ముక్కు పని ఆనాడే పోతది.”

సభ ఒప్పుకుంది. హౌజు ఏడో గల్లీవాళ్ళకు పోయింది. చేపలకు మేత వేసే పని మాత్రం, పంతులమ్మే అడిగి, కొమురవ్వకు ఇప్పించింది.

బయటికొచ్చాక కొమురవ్వ నా పక్కన చాలా దూరం నడిచింది. తర్వాత అంది: “నీ దగ్గర పని చేసుడా? పై అంతస్తే నయ్యముండె.”

9

కొమురవ్వ నూనె ఇంటికి వచ్చింది కాబట్టి ఈ పుస్తకంలో ఇకమీదట రాసేది వాసన తెలియని మనిషి కోసం. సూపరింటెండెంట్ గారి సంగతి వదిలేస్తున్నాను. వీలైనంత వరకు.

వాసన తెలిసినవాడికి నూనె ఒలికితే ముక్కే చెప్తుంది. నీకు చెప్పదు. అందుకని సీసా ఎప్పుడూ తెల్ల పింగాణి పళ్ళెంలోనే పెట్టు, చుక్క పడితే కనిపిస్తుంది. చేతికి తొడుగు లేకుండా ముట్టుకోకు. కంటి దగ్గరికి చెయ్యి పోనీయకు. పడిందా, నీళ్ళతో ఆగకుండా కడుగుతూనే ఉండు, నన్ను పిలువు. పంటి నొప్పికి ఎవరైనా వస్తే, వంట నూనెలో కలిపి, దూదికి ఒక చుక్క అద్ది, పంటి మీదనే పెట్టాలి, చిగుళ్ళకు తగలనీయకూడదు. చిన్నపిల్లలకు అసలు ఇవ్వకు, తల్లి ఎంత బతిమాలినా సరే. చెంచాడు మింగితే పిల్లల కాలేయం చెడిపోతుంది, ప్రాణం మీదికి వస్తుంది. ఎవరైనా మింగితే కక్కించకు, డాక్టరు దగ్గరికి మోసుకుపో. మంట దగ్గర పెట్టకు. తుడిచిన గుడ్డలు మూత ఉన్న డబ్బాలో వెయ్యి.

ఇదంతా చదివి వినిపిస్తే ఆవులించింది. “ఇంత విషం పెట్టుకొని ఇన్నేండ్లు నేను నా మొగుని చూసుకున్నట్టు చూసుకున్నవ్ గద దీన్ని.”

“నీ మొగడు దీనికన్న పల్చన.”

నవ్వింది. ఆమె మొగుడు పోయి పాతికేళ్ళు. అతని మీద జోకు వేయగల మనుషులు ఊళ్ళో మేమిద్దరమే మిగిలాం.

కొత్త కాపు నూనె దిగింది. గాజు గొట్టంలో నీళ్ళ అడుగున లేత పసుపు పొర. ఆమె దీపం దగ్గరికి ఎత్తి చాలాసేపు చూసింది. నేను వారిస్తున్నా వినకుండా గాజు పుల్ల కొస నాలుకకు అంటించుకుంది. కాసేపు నోరు తెరుచుకుని కూర్చుంది.

“తిమ్మిరెక్కింది బావా! ముక్కు పోయినా నాలిక గుర్తు పట్టింది.” కళ్ళలో నీళ్ళు. ఘాటుకో మరి దేనికో. “ఇది అసలు సరుకు. అప్పటిది మాత్రం పల్చనే.”

పల్చనే. ఇప్పుడు మాత్రం ముందు నాకే చెప్పింది.

10

ఈ మధ్య మూత దించేది కొమురవ్వే. నాకన్నా గట్టిగా వేస్తుంది. నేను చెక్క తడిక ఇవతల కూర్చుని, గల్లీలు మోగడం వింటూ, ఆఖరున నూనె ఇంటి పైపు కొడతాను.

ఇవాళ మూత పడింది. వాసన వచ్చింది. చక్కటి, ముదురాకు నూనె వాసన, ముక్కు కొసన గిల్లినట్టు. గల్లీలు ఇంకా మోగలేదు. ఆలస్యమేమిటా అని పది ఊపిరులు ఆగాను. ఇవాళ్టి పానాలు నిద్రపోతున్నాయి కాబోలు, నేనే లేపుదామనుకుని పైపు మీద మూడు దెబ్బలు కొట్టాను.

ఊరంతా నిశ్శబ్దం. ఒక్క గల్లీ మోగలేదు.

తడిక అవతల ముందు తుమ్ము ఆపుకున్నట్టు ఒక చప్పుడు, ఆ తర్వాత నవ్వు. నిలబడలేక గోడ పట్టుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. చేతిలో పొడి చెంచా. పళ్ళెంలో చుక్క నూనె లేదు.

“వాసన అచ్చింది!” అన్నాను. “ఒట్టు, అచ్చింది!”

“నాకెరుకే బావా,” అంది కళ్ళు తుడుచుకుంటూ. “అచ్చినట్టే ఉంటది.”

రూలు నేను పెట్టిందే. నూనె ఇంటి పైపు కొట్టడానికి రేపటి నుంచి వేరే ముక్కు వస్తుంది. మా ఇద్దరికీ ఇక మిగిలింది ఆకు మరిగించడం, రంగు చూడడం, చేపలకు మేత వేయడం. పుస్తకంలో ఆఖరుగా ఒక మాట చేరుస్తున్నాను, ఆమె చెప్తుంటే, ఆమె కళ్ళ ముందే: ఉత్త మూత వేసే రోజు ఏదో ఎవరికీ చెప్పకూడదు. ముఖ్యంగా ఓదెలుకు.